లగార్దె పక్కన పడుకున్నవాడు

బ్యూనస్ ఎయిర్స్‌లో ఏ మంత్రి కొడుక్కీ దక్కని సమాధిని దోన్యా డెల్ఫీనా తన కొడుక్కి సంపాదించిపెట్టింది, ఒక్క బకెట్టుతో. ఇసిద్రో లగార్దె పక్కన! ఆయన బాందొనియోన్ పెట్టె సాగదీసి వాయిస్తే ట్రాములు నడి రోడ్డు మీద ఆగిపోయేవి, నెలలు నిండని వాళ్లకు కూడా నొప్పులొచ్చేవి. బడి ఎగ్గొట్టి కథలు చెప్పడం నేర్చుకున్నవాణ్ణి, నాలా చెప్పేవాడు ఏ కాలేజీలోనూ దొరకడు.

మా శ్మశానంలో లగార్దె సమాధి పక్కనే నా పూలబుట్ట. రాతి పలక మీద కంచు లగార్దె మోకాలిపై పెట్టె పెట్టుకుని కూర్చుని ఉంటాడు. వచ్చినవాళ్లు ఆ మోకాలు నిమిరి మొక్కుకుంటారు, పెట్టె మడతల్లో ఎర్ర కార్నేషన్ పువ్వు గుచ్చుతారు. మోకాలు బంగారంలా మెరుస్తుంది. మిగతా ఒళ్లు పచ్చబడకుండా తోమేది, మేమంతా మర్యాదగా దోన్యా అని పిలిచే డెల్ఫీనా.

"ఆయన్ని తోమినట్టు మీ ఆయన్ని తోమి ఉంటే ఇంకొన్నాళ్లు బతికేవాడు కదా దోన్యా!" అని నేనంటే, "ఈయన తాగొచ్చి గొడవ చెయ్యడు బక్కోడా. నీలా వాగడు కూడా" అనేది.

ఆమెకు ఒక్కడే కొడుకు, ఎసెకియెల్. గోడలకు రంగులేస్తూ పరంజా మీంచి పడి చనిపోయాడు. శ్మశానం వెనక భాగంలో మట్టిలో పెట్టి, కొయ్య శిలువ పాతారు. మా దగ్గర ఆ మట్టి ఎవరికీ శాశ్వతం కాదు. కొన్నేళ్లకు తవ్వి ఎముకలు పైకి తీస్తారు. ఇంటివాళ్లు ఎదురుగా నిలబడితే చిన్న పెట్టెలో పెట్టి చేతికిస్తారు. ఎవరూ రాకపోతే ఉమ్మడి గుంటలో కలిపేస్తారు. డెల్ఫీనా పెట్టె ఎప్పుడో కొనిపెట్టుకుంది. మూత మీద కొడుకు పేరు తనే చెక్కింది. దాన్ని పెట్టుకోవడానికి గోడలో గూడు కూడా మాట్లాడుకుంది.

ఏ వరస ఎప్పుడు తవ్వుతారో పెద్ద గేటుకు కాగితం అంటిస్తారు. ఆ గేటు చూడవచ్చేవాళ్లది. పనివాళ్లం వెనక దారిన వస్తాం, వెనక దారినే పోతాం.

ఆ రోజు లగార్దె వర్ధంతి. ఊరంతా అక్కడే ఉంది. బాందొనియోన్లు మోగుతున్నాయి. డెల్ఫీనా తెల్లారకముందు నుంచీ తోముతూనే ఉంది. మధ్యాహ్నం గోతులు తవ్వే రోకె చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"రాలేదేం దోన్యా? మీ వాడి వరస పొద్దున తీసేశాం."

"ఏ వరస?"

"గేటుకు అంటించారు కదా."

"ఆ గేటు మొహం నేనెప్పుడు చూశాన్రా? నాకు చెప్పొద్దూ?"

"రోజూ ఇక్కడే ఉండేదానివి, నీకు తెలీదని నాకేం తెలుసు? నీకోసం ఆగి వాణ్ణి అందరికంటే ఆఖర్న తీశాం. కేకేశాను కూడా. ఈ వాయిద్యాల గోలలో..."

"వాడెక్కడ?"

రోకె టోపీ తీశాడు. "గుంటలో. అందరితో పాటు."

ఆమె చేతిలోని గుడ్డ మడిచి బకెట్టులో పెట్టింది. జనం ఇంకో పాట అడుగుతున్నారు.

అక్కడి నుంచి కథ నాది, వినండి. డెల్ఫీనా గుంటలోకి దిగింది. విరిగి అతుక్కున్న మణికట్టును బట్టి కొడుకును పోల్చుకుంది. ఎముకలు బకెట్టులో వేసి పైన కార్నేషన్లు కప్పి నడిచొస్తుంటే కాపలావాళ్లు టోపీలు తీసి దారిచ్చారు. నలుగురు మగాళ్లు కదపలేని రాతి పలకను ఒంటిచేత్తో ఎత్తి కొడుకును లగార్దె పక్కన పడుకోబెట్టింది. సాయంత్రాలు పలకకు చెవి ఆనిస్తే ఇప్పటికీ పాట వినిపిస్తుంది, మధ్యమధ్య తాళం తప్పుతూ. ఎసెకియెల్‌కు తాళజ్ఞానం లేదు మరి! ఇది విన్నవాళ్లు ఏడుస్తారు, కొడుకు కోసం ఇంకో పువ్వు కొంటారు.

మొన్న రొసారియో నుంచి వచ్చిన ఒకావిడ కళ్లు తుడుచుకుని రెండో పువ్వు పట్టుకుంది. తోముతున్న డెల్ఫీనా దగ్గరికెళ్లి, "మీ అబ్బాయి ఏ వైపున ఉన్నాడమ్మా?" అని అడిగింది. ఏదో ఒక వైపు చూపించమని నేను వెనక నుంచి సైగ చేశాను.

డెల్ఫీనా చెయ్యి ఆపలేదు.

"ఏ వైపునా లేడమ్మా. ఆ పలక నేను ఎత్తలేదు. గుంట దగ్గరికి కూడా నన్ను పోనివ్వలేదు. పెట్టె ఖాళీగా ఇంట్లో ఉంది. ఆ పువ్వు ఈయనకే పెట్టు."