ఖాళీ మేకు

మా చర్చి నేలమాళిగలో గోడ పొడవునా మేకులుంటాయి. ఒక్కో మేకుకు ఒక్కో మనిషి కప్పు. ప్రార్థన అయ్యాక ఎవరి కప్పు వాళ్లు అందుకుని కాఫీ పోసుకుంటారు. పోయినవాళ్ల కప్పులు కూడా తియ్యం. అర్లీన్ హోవ్లాండ్ భర్త హెరాల్డ్ కప్పు ఇంకా అలాగే వేలాడుతోంది, లోపల కాస్త చీకటి నింపుకుని.

అర్లీన్‌ది పాడి బతుకు. విస్కాన్సిన్ చలిలో ఆవుల ఊపిరి పొగై లేచే కొట్టమే ఆమె లోకం. హెరాల్డ్ పోయాక ఆ కొట్టాన్ని నిలబెట్టినవాడు సెవేరో. మెక్సికో కొండల నుంచి కాగితాలు లేకుండా వచ్చినవాడు. కోతలకు వచ్చి పోయే కూలీలకు వీసా ఉంది కానీ, ఏడాది పొడవునా పాలు పితికేవాళ్లకు లేదు. తల్లిని చూడ్డానికి వెళితే మళ్లీ రాలేడు.

"మా ఇంటి మనిషి లాంటివాడు" అనేది అర్లీన్, ఎవరు కనబడినా.

అతని కోసమే ఆ చట్టం మార్పించాలనుకుంది. ఒక్క పార్టీతో అయ్యే పని కాదు. రిపబ్లికన్లలో పెద్దమనిషి, దాణా మిల్లు నడిపే నార్మ్ బ్రెక్కె. డెమొక్రాట్లలో పెద్దదిక్కు, రిటైరైన టీచరు డెబ్ టాలెఫ్సన్. ఒకే బడిలో చదువుకున్నవాళ్లు, పోయిన ఎన్నికల నుంచి మాటల్లేవు. చలికాలమంతా మంచులో వాళ్ల గుమ్మాల చుట్టూ తిరిగి, ఒక ఆదివారం ఇద్దరినీ నేలమాళిగలో ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. మేమంతా చుట్టూ చేరాం.

"ముందు సరిహద్దు గట్టిగా ఉండాలి. ఎవరొస్తున్నారో తెలియకపోతే అది దేశమా, సంతా?" అన్నాడు నార్మ్.

"నీ దాణా తినే ఆవులకి పాలెవరు పితుకుతారు మరి? నువ్వా? కిందపడ్డ చెంచా తియ్యడానికే వంగదు నీ నడుము" అంది డెబ్.

"నా నడుము నీకెందుకు? బడిలో లెక్కలన్నీ నన్ను చూసి రాసినదానివి."

"అందుకేగా తప్పాను!"

నవ్వు లేచింది. ఆ నవ్వులోంచే దారి దొరికింది. సరిహద్దుకు గట్టి కాపలా. ఇక్కడ ఏ నేరం చెయ్యకుండా కష్టపడుతున్నవాళ్లకు అనుమతి, ఇంటికెళ్లి తిరిగొచ్చే హక్కు. రెండూ కలిపి అడుగుదామన్నారు.

"నీ మనిషిని పిలువు అర్లీన్. అతని నోటితోనే విందాం" అన్నాడు నార్మ్.

వంటగదిలో కుర్చీలు మడిచి పేరుస్తున్న సెవేరో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"కూర్చో నాయనా, కాఫీ తాగు" అంది అర్లీన్.

గోడ వైపు తిరిగింది. ఆమె చెయ్యి మేకుల ముందు గాలిలో ఆగిపోయింది. తర్వాత, అలవాటుగా, అతిథులకిచ్చే థర్మోకోల్ కప్పొకటి లాగింది.

"వద్దు సెన్యోరా, నాది ఉంది."

వంటగది కిటికీలో సబ్బు సీసా వెనక నుంచి తెచ్చుకున్నాడు. అదీ థర్మోకోల్ కప్పే. కడిగి కడిగి అంచులు రాలిన కప్పు. మీద గోటితో గీసిన చిన్న శిలువ.

"దీన్ని ఎవరో పారేస్తుంటారు. మళ్లీ ఇంకోటి చేసుకుంటా" అన్నాడు, నవ్వుతూనే.

పారేస్తున్నది అర్లీనే. ఎవరో బుద్ధిలేనివాళ్లు చెత్త వదిలేశారని గొణుక్కుంటూ. ఎన్ని చలికాలాలుగానో ఆ చర్చి మెట్ల మీది మంచు ఎత్తిపోస్తున్నవాడి కప్పు.

ఆమె మెడ దాకా ఎర్రబడింది. హెరాల్డ్ కప్పు మేకు మీంచి తీసింది. "ఇందులో తాగు."

"అది అయ్యగారిది. ఆయన చోటు నాకొద్దమ్మా."

నార్మ్ నేలచూపులు చూశాడు. మానవత్వం గురించి అంత బాగా మాట్లాడే డెబ్ తన కప్పును చేతుల్లో ఊరికే తిప్పుతూ ఉండిపోయింది. మేమూ అంతే. మా అందరి కప్పులూ హఠాత్తుగా బరువెక్కాయి.

తర్వాతి నెల దేశ చట్టసభలో మా ప్రతినిధి ఆఫీసుకు వెళ్లాం. ఒక పక్క నార్మ్, మరో పక్క డెబ్, మధ్యలో అర్లీన్. మా ఇంటి మనిషి లాంటివాడు అన్న మాట ఆమె నోటిదాకా వచ్చి ఆగింది.

"అతను మా దగ్గర పనిచేస్తాడు. మేం అతనికి ఒక కప్పు కూడా ఇవ్వలేదు. మీరు చట్టమైనా ఇవ్వండి" అంది.

ఆయన ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. నార్మ్, డెబ్ ఇప్పుడు పోట్లాడుకుంటూనే కలిసి తిరుగుతున్నారు, ఊరూరా.

అర్లీన్ గోడకు కొత్త మేకు కొట్టింది. కప్పు కొనిస్తానంటే సెవేరో వద్దన్నాడు. "మా అమ్మను చూసి తిరిగొచ్చేటప్పుడు మా ఊరి మట్టి కప్పు తెచ్చి తగిలిస్తా."

ఆ మేకు ఖాళీగానే ఉంది. ఆదివారాలు అర్లీన్ కాఫీ తాగేటప్పుడు ఆ గోడ వైపు చూడదు.