మా నాయనమ్మ తినని కొత్త బువ్వ

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికీ వడ్డించి చివరన తినేది మా నాయనమ్మ. అందుకే ఆమె సరిగా తినడం మానేసిన సంగతి చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

మాది హుకుంపేట దాటి కొండల్లోకి నడిచి వెళ్ళాల్సిన ఊరు. ఆ ఏడు వానలు మొదలవుతుండగా మా తాతయ్య జ్వరంతో పోయాడు. మా కొండల్లో వానాకాలం ఆకలి కాలం. పాత గింజలు అయిపోతాయి, కొత్తవి ఇంకా చేతికి రావు. మామిడి టెంకల్లోని పప్పు తీసి, నీళ్ళలో నానబెట్టి వగరు పోగొట్టి, పొడి చేసి అంబలి కాచుకునేవాళ్ళం. సామలు పండినా వెంటనే తినకూడదు. ముందు ఊరంతా కొత్తల పండుగ చేయాలి. ప్రతి ఇంట్లో పెద్దలకు ఆకులో కొత్త బువ్వ పెట్టి, పోయినవాళ్ళను పేరు పేరునా పిలవాలి. ఆ తరవాతే ఎవరైనా నోట్లో పెట్టుకోవాలి.

ఆ పేర్లు పిలిచే పని ఎప్పుడూ మా తాతయ్యది. ఆ ఏడు మా నాన్న పిలిచాడు. పాత పేర్లన్నీ అయ్యాక చివర తాతయ్య పేరు పిలిచాడు. ఎన్నాళ్ళుగానో ఆకలి మీద ఉన్నామేమో, పిల్లలమంతా కడుపునిండా తిన్నాం. నాయనమ్మ వడ్డిస్తూనే ఉంది.

తరవాత ఆమె రోకలి ఎత్తలేకపోయింది. ఒకరోజు ఊట దగ్గర బిందెతో సహా కూలబడింది. మా నాన్న దిసారిని పిలిపించాడు. మా ఊళ్ళో మంచీ చెడూ చూసి పూజలు చేసేది ఆయనే. కోడిని కోశారు. ఆస్పత్రి నుంచి బలం మాత్రలు తెచ్చారు. నాయనమ్మ మాత్రలు బుద్ధిగా మింగేది. అమ్మ చిక్కుడు గింజలు ఉడకబెట్టి ఇస్తే పళ్ళు లేవనేది. మెత్తగా నూరి ఇస్తే, "బేగి పని సూసుకోయే, తరవాత తింతాను" అనేది. తాతయ్య వెనకాలే ఆమె కూడా పోతుందని అమ్మకు భయం పట్టుకుంది. నా జడ వేస్తూ ఉన్నట్టుండి ఏడ్చేది.

మా పక్కింట్లో బడి మేష్టారి తల్లి ఉండేది. విజయనగరం వైపు పల్లపు ఊరి రైతు కుటుంబం వాళ్ళది. భర్త పోయినప్పటి నుంచి ఆవిడ ఒంటిపూట తినేది. మధ్యాహ్నం ఇంత అన్నం తింటే మళ్ళీ మర్నాటిదాకా మంచినీళ్ళే.

ఒక మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చింది. నాయనమ్మా నేనూ పొయ్యి దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం.

"ఏటి తింటన్నావప్పా నువ్వు?" అని అడిగింది. నాయనమ్మను ఆవిడ అక్క వరసలో 'అప్పా' అనేది.

"అందరూ తిన్నారు" అంది నాయనమ్మ.

"అందర్ని ఎవులడిగినారు? నిన్నడుగుతన్నాను."

ఆవిడ చూపు పొయ్యి పక్కనున్న చిన్న కుండ మీద పడింది. మూత తీసి వాసన చూసింది. అందులో టెంకపొడి అంబలి ఉంది.

"ఓలమ్మా, బూజు కంపు కొడతంది. ఇంట్లో కొత్త గింజలుండగా నీకిదేటి కర్మ?"

నాయనమ్మ ఇంకొన్ని కాయలు ఒలిచింది. తల ఎత్తకుండానే చెప్పింది.

"ముసలోడి పేరు సచ్చినోల్ల వరసలో కలిపీసి పిలిసినాడు నా కొడుకు. ఆ బువ్వ తింతే ముసలోడు పోనాడని నానూ ఒప్పీసుకున్నట్టే. నానొప్పుకోను."

తాతయ్య ఉన్నప్పుడు చేసిన పొడి అది. అది తింటున్నంతకాలం ఆమె దృష్టిలో ఆయన ఇంకా పోలేదు. మేమంతా ఆమె పళ్ళ గురించీ నీరసం గురించీ మాట్లాడుకున్నాం గాని, ఎందుకు తినడం లేదని ఆమెనే అడగాలని ఎవరికీ తోచలేదు.

మేష్టారి తల్లి తప్పనలేదు, ఒప్పనలేదు. నాయనమ్మే ఎదురు తిరిగింది.

"నన్నంతన్నావు గాని, నీ సేతులు సూసుకున్నావేటి మేష్టారమ్మా? వెదురుబద్దల్లాగున్నాయి."

"నాది ఒంటిపూటప్పా. మా ఆయన పోయిన కాడ్నించీ."

"ఆయనడిగినాడా?"

"బతికున్నప్పుడే ఏటీ అడిగీవోడు కాదు, మంచినీల్లు తప్ప."

ఇద్దరూ నవ్వారు. తాతయ్య పోయాక నాయనమ్మ నవ్వు వినడం నాకు అదే మొదలు.

మర్నాడు దీపాలు పెట్టే వేళకు ఆవిడ తన కంచం పట్టుకుని వచ్చి మా ఇంట్లో కూర్చుంది. "గుంటా, కొత్త సామబువ్వ ఎట్టు" అంది నాతో. ఆవిడ రాత్రిపూట తినదని ఊరందరికీ తెలుసు. అమ్మ బువ్వకుండ నా ముందుకు జరిపింది. నేను వడ్డించాను. ఆవిడ కంచంలో చెయ్యి పెట్టలేదు.

"ఇన్నేల్ల ఒంటిపూట ఈయేల ఇరిసేత్తన్నానప్పా. ఒక్కదాన్నీ ఇరవడానికి దయిర్నం సాలడం నేదు. నా పక్కన కూకుని నువ్వూ తిను. తప్పయితే సెరిసగం పంచుకుందుము."

"నాకొద్దు."

"అయితే నానూ తిన్ను. కంచమట్టుకుని మీ ఇంటికొచ్చి ఆకలితో ఎల్లిపోనానని రేపు ఊరందరికీ సెప్తాను."

మా వాళ్ళలో గుమ్మంలోకి వచ్చినవాళ్ళను ఆకలితో పంపడం పెద్ద తప్పు. ఆవిడకి ఆ సంగతి తెలుసు. తెలిసే కంచం తెచ్చుకుంది. నాయనమ్మ ఆవిడ కంచం వైపు చూసి, "మాయలమారి దానివే నువ్వు" అంది. తరవాత అడ్డాకు తెమ్మని నాకు సైగ చేసింది. ఆకులో బువ్వ పెట్టించుకుని, ముందు చిన్న ముద్ద తీసి అంచున పెట్టింది. అది ఎవరికో మాకు తెలుసు. పేరు మాత్రం పిలవలేదు. రెండో ముద్ద తను తింది. అప్పుడు మేష్టారి తల్లి కూడా తినడం మొదలుపెట్టింది. అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది.

ఆ పూట నాయనమ్మ కొంచెమే తినగలిగింది. కోలుకోవడానికి చలికాలమంతా పట్టింది. రోజూ సాయంత్రం మేష్టారి తల్లి కంచంతో వచ్చేది. ఉప్పు ఎక్కువైందని ఒకరు, కారం చాలలేదని ఒకరు దెబ్బలాడుకుంటూ తినేవారు.

తరవాత మేష్టారికి బదిలీ అయింది. ఆవిడ పల్లానికి వెళ్ళిపోయి అక్కడ మళ్ళీ ఒంటిపూటకే వచ్చిందని, వేసవిలో తూలిపడి మంచం పట్టి పోయిందని ఎవరో చెప్పారు. "ఎదురుగా కూకునీవోల్లు నేకపోనారు" అంది నాయనమ్మ. ఆ ఏడు కొత్తలకి మా పెద్దల పేర్ల చివర, తాతయ్య పేరు పక్కన, ఆవిడ పేరు కూడా పిలవమని నాన్నతో చెప్పింది. ఆయన పిలిచాడు. నాయనమ్మ ఆ బువ్వ తింది.

ఇప్పుడు నేను మా నాయనమ్మ వయసు దాటాను. మేష్టారిలాగే నేనూ బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా ఆయన పోయి ఏడాది కాలేదు. ఒక్క మనిషి కోసం పొయ్యి వెలిగించాలంటే చెయ్యి రావడం లేదు. కూతురు ఫోన్ చేసి తిన్నావా అంటే తిన్నానంటాను. చాలా పూటలు అది టీ, రెండు బిస్కట్లు. ఈ వయసులో ఏం తినాలో పుస్తకాల్లో చదివాను. అందులో రాసిందంతా నిజమే. అయినా లేచి వండుకోబుద్ధి కాదు.

నిన్న సాయంత్రం మా వీధి చివర చర్చి పక్కన ఒంటరిగా ఉండే ముసలామె ఇంటికి వెళ్ళాను. పొయ్యిలో బూడిద చల్లగా ఉంది. తిన్నావా అని నేను అడగలేదు. ఆ ప్రశ్నకు మా వయసువాళ్ళు ఏం చెబుతారో నాకు తెలుసు.

"ఆకలేత్తందప్పా, ఏటైనా వండు" అన్నాను.

"ఈయేళప్పుడా? నీకు బుద్ధుందా?" అని సణుగుతూనే ఆమె లేచి బియ్యం కడిగింది. నిజానికి నాకు ఆకలి లేదు. ఎసరు మరిగి అన్నం ఉడుకుతున్న వాసన వచ్చేసరికి ఆకలేసింది.