ఖాలాకూ గొంతు ఇరుకే

నా చిన్నప్పుడు, ఏడో ఏట, ఒక్క గుక్కతో పోగొట్టుకున్నవి ఇవి: నాలుగు కిలోల బరువు, ఒక ఏడాది బడి, ఇంట్లో అందరితో కలిసి తినే పీట. షర్బత్ సీసాలో పోసిపెట్టిన కాస్టిక్ సోడా నీళ్లు తాగాను. పుండు మానింది గానీ, మచ్చ కట్టి అన్నం దిగే గొట్టం సన్నబడింది. నెలకోసారి ఆసుపత్రిలో దాన్ని సాగదీసేవారు. మళ్లీ బిగుసుకునేది.

శాలిబండలోని మా ఇంట్లో పది నిమిషాల్లో భోజనాలు అయిపోయేవి. నాకు గిన్నెడు జారు పప్పన్నానికి నలభై నిమిషాలు. మధ్యలో పొలమారితే తమ్ముడు భయపడి లేచిపోయేవాడు. అందుకని అమ్మ నా గిన్నె బయట అరుగు మీద పెట్టేది. వీధి చూస్తూ నాలుగు చెంచాలు తిని, మిగతాది పిల్లికి పెట్టేసేదాన్ని. రెండు నెలల్లో కిలో పెరగకపోతే పొట్టకు రంధ్రం చేసి గొట్టం పెట్టాల్సిందే అన్నారు డాక్టరు.

ఆ సాయంత్రమే, మేం ఖాలా అని, అంటే పిన్నీ అని, పిలిచే పక్కింటామె తన పళ్లెం తెచ్చుకుని అరుగెక్కింది.

"నాది గూడ గొంతు ఇరుకేనె బేటా. ఒక్కదాన్నే తింటె దిల్ లగ్తలేదు, మనసొప్తలేదు. తోడు కూసుంటవా?"

నేను ఒక చెంచా మింగితే ఆమె ఒక ముద్ద. నేను ఆగితే ఆమె చెయ్యీ ఆగేది. ఆమె కూర చల్లారిపోయేది. లోకంలో నాలాంటి మనిషి ఇంకొకరున్నారన్న ధైర్యంతో గిన్నె ఖాళీ చేసేదాన్ని.

నలభయ్యో రోజు ఖాలా తమ్ముడి పెళ్లిలో దూరం నుంచి ఆమెను చూశాను. నవ్వుతూ, ఎముక చప్పరిస్తూ, గబగబా బిర్యానీ తింటోంది. మర్నాడు అరుగు మీద నేను గిన్నె ముట్టలేదు.

"అబద్ధం చెప్పినవ్. నీ గొంతు మంచిగనే ఉంది."

"ఉంటే?" అంది ఖాలా, ఏమాత్రం తడబడకుండా. "పెండ్లిల నువ్వు నా పక్కకు లేవు గదనె. ఎవరి కోసం ఆగాలె? తిను జల్ది, నాకు ఆకలైతుంది."

ముద్ద కలిపి, చేతిలో అలాగే పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి నేను చెంచా ఎత్తాను.

అరవై ఒకటో రోజు తూస్తే కిలో రెండు వందల గ్రాములు పెరిగాను. పొట్టకు గొట్టం తప్పింది.

ఖాలా ఇప్పుడు లేదు. నేను ఒక్కదాన్నే తింటాను. నా నలభై నిమిషాల్లో అందరి పది పోగా, రోజుకు ముప్పై నిమిషాల చొప్పున, పెళ్లినాడు మినహాయిస్తే అరవై రోజులు, ఆమె నా కోసం ఆగింది ముప్పై గంటలు. ఎక్కడైనా బంతిలో వెనకబడినవాళ్లు కనిపిస్తే పక్కన కూర్చుని నేనూ చెయ్యి ఆపుతాను. ఇన్నేళ్లలో అలా తీరింది పదకొండు గంటల నలభై నిమిషాలు. ఒంటరి ఇంట్లో ఎంత నెమ్మదిగా తిన్నా ఆ బాకీ తరగదు. ఇంకా పద్దెనిమిది గంటల ఇరవై నిమిషాలు ఉంది.