కోట్జెబ్యూ కాటా మీద నేను

ఆ రోజుల్లో మేము అమెరికాలో దూరాన్ని బిర్యానీతో కొలిచేవాళ్లం. బాగుందని వింటే న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి వర్జీనియాలో ఆష్‌బర్న్ దాకా కార్లో పోయి, తిని, బాగోలేదని తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్లం. అందుకే ఆఫీసువాళ్లు నన్ను అలాస్కాలో రెండు క్లినిక్కుల్లో సాఫ్ట్‌వేర్ మార్చమని పంపినప్పుడు, కోట్జెబ్యూలో పని కాగానే, రెండో క్లినిక్కున్న నోమ్ ఎంత దూరమో మ్యాప్‌లో చూసి తీర్పు చెప్పేశాను.

"అన్నా, నోమ్ రెండు వందల మైళ్లు కూడా లేదు. కార్ రెంట్ చేద్దాం."

మా టీమ్ లీడ్ వరంగల్ మనిషి, అందరికీ అన్న. "రోడ్డుంటే కద చెల్లె డ్రైవ్ చేసేది! చిన్న ఫ్లైట్ ఉంది. ఒక్క గంటల దిగుతం."

విమానం చిన్నది కాబట్టి సామాను బాగా తగ్గించమన్నారు. నేను తగ్గించానా? ఇండియా ప్రయాణాల్లో ఆరితేరిన చేయి నాది. పెట్టెలో పట్టనిది ఒంటిమీదికి ఎక్కాలి. కోటు జేబుల్లో ఆవకాయ సీసా, కందిపొడి డబ్బా, లోపల స్వెటర్ల మధ్య బియ్యం పొట్లాలు, నడుముకు శాలువాలో చుట్టిన చిన్న కుక్కరు. (విజిల్ విడిగా సాక్సులో.) పెట్టెను తూస్తారు గానీ మనిషిని తూస్తారా ఎక్కడైనా!

అక్కడ తూశారు. కౌంటర్ దగ్గర గడ్డపాయన పెట్టె వంక చూడనైనా చూడకుండా, "కోటుతో సహా కాటా ఎక్కండి మేడమ్" అన్నాడు.

"గంట ప్రయాణానికి ఆడమనిషిని తూస్తారా? ఇదేం మర్యాద?"

"గాలి ఎదురైతే గంట చాలదు. అప్పుడు ఇంధనం ఎక్కువ నింపాలి, మనుషుల బరువు తగ్గాలి."

ఎక్కాను. ఆయన అంకెను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ అంకెను చూశాడు. "విమానం నిండింది. ఇంత బరువైతే మీరు ఆగిపోవాలి. పొగమంచు వస్తోంది, తర్వాతి విమానం ఎప్పుడో చెప్పలేను."

అన్న ముఖం పాలిపోయింది. "ఏందమ్మా గిది? రేపు పొద్దుగాల నువ్వు ఆడ సిస్టమ్ లేపకుంటే కాంట్రాక్ట్ పాయె, నీ వీసా పాయె!"

"నా ఒంటి బరువే అన్నా అది."

"నడుస్తుంటే గలగలమంటున్నవ్ చెల్లె. ఇప్పు ఆ కోటు!"

విప్పాను. బియ్యం తీస్తే వెనక బెంచీ మీది ముసలావిడ నవ్వింది. కుక్కరు బయటపడగానే చప్పట్లు కొట్టింది. అంకె ఇంకా దిగాలన్నాడు గడ్డపాయన. ఆవకాయ సీసాను మాత్రం గుండెకు హత్తుకున్నాను.

"ఇది మా అమ్మ పెట్టింది."

ఆయన మళ్లీ కాటా వైపు వేలు చూపించాడు. ముసలావిడ లేచి, తన చేపల పెట్టెను కాలితో పక్కకు నెట్టింది. "నా చేపలు రేపో ఎల్లుండో వస్తాయిలే. గడ్డకట్టినవి, వాటికేం తొందర. ఈ పిల్లను ఎక్కించు."

బియ్యం, కుక్కరు కౌంటర్ దగ్గరే వదిలేశాను. విమానంలో ఆవిడ పక్కనే కూర్చున్నాను. మంచు మీద మా నీడ పాకుతుంటే, సీసా మూత తీసి వాసన చూపించాను. ఆవిడ వేలితో కాస్త నాకి, కళ్లనీళ్లు తుడుచుకుని, మళ్లీ వేలు పెట్టింది. సిస్టమ్ వేళకే లేచింది, వీసా నిలిచింది. సీసా మాత్రం ఆవిడతోనే దిగిపోయింది.

ఇప్పుడు చేతిసంచీతో దేశాలు తిరుగుతున్నాను. గంట దూరానికి వంటిల్లంతా ఒంటికి చుట్టుకుని బయల్దేరిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తొస్తుంది. అందరితోనూ వాదిస్తాను గానీ, ఆ పిల్లను మాత్రం ఏమీ అనబుద్ధి కాదు.