ఆ దినం కారు మా బిడ్డది

నా చిన్నప్పుడు సుల్తానాబాద్‌లో మా వాడ మొత్తానికి ఒకటే కారు ఉండేది. అది మా బాపుది, అంటే నాన్నది. బూడిద రంగు పాత కారు. చలికాలం పొద్దున స్టార్టు కావాలంటే నలుగురు నెట్టాల్సిందే. బాపు ఒక విత్తనాల కంపెనీలో పనిచేసేవాడు. ఊరూరా తిరిగి విత్తనపు పంట ఎట్లా ఉందో చూసి రావడం ఆయన ఉద్యోగం. కారు సొంతమే అయినా తిరుగుడు కంపెనీ కోసం కాబట్టి కిలోమీటరుకు ఇంత అని నెలాఖరుకు వాళ్లు ఇచ్చేవారు. ఆ డబ్బును మా ఇంట్లో ‘తొవ్వ ఖర్చు’ అనేవాళ్లం, దారి ఖర్చు అని. దాన్ని రాబట్టుకోవడంలో బాపుకు మొహమాటం లేదు. అడగందే అమ్మయినా పెట్టదనేవాడు. రాయి తగిలి టైరు పగిలినా ఆ సంగతి ఆఫీసుకు చేరాల్సిందే.

ఒక ఎండాకాలం నాకు జ్వరం పట్టుకుంది. ఎంతకూ విడవలేదు. అమ్మను మేము అవ్వ అనేవాళ్లం. ఆమె వేములవాడ రాజన్నకు మొక్కుకుంది, బిడ్డ లేచి తిరిగితే ముగ్గురం వచ్చి కోడెను కట్టేస్తామని. గుడి చుట్టూ కోడెదూడను తిప్పి దేవుడి ముందు కట్టేయడం మా వైపు పెద్ద మొక్కు. నేను లేచాను, తిరిగాను, బడికి కూడా పోయాను. బాపుకు మాత్రం సెలవు దొరకలేదు. మొక్కు బాకీ పడితే జ్వరం మళ్లీ వెతుక్కుంటూ వస్తుందని అవ్వకు గట్టి నమ్మకం. రోజూ పొద్దున నేను కళ్లు తెరవకముందే ఆమె చెయ్యి నా నుదుటి మీద ఉండేది.

చివరికి బాపుకు వేములవాడ దాటి చందుర్తి వైపు పని పడింది. ఒక్క దెబ్బకు రెండు పనులని మమ్మల్ని ఎక్కించుకున్నాడు. ముందు గుడికి పోయాం. తాడు అవ్వ పట్టుకుంది, తోక దగ్గర నేను భయం భయంగా నడిచాను. కోడెను కట్టేశాక అవ్వ ముఖం చూడాలి, నెలల తరువాత మొదటిసారి తేటపడింది. ఆ తరువాత బాపు పొలాలు చూస్తుంటే మేము కారులో కూర్చుని పులిహోర తిన్నాం.

తిరిగి వస్తుంటే బాపు హుషారుగా నోరు జారాడు. చూసినవా, పెట్రోలు కంపెనీది, మొక్కు మనది, పైస ఖర్చు లేకుండ తీరిపాయె అన్నాడు. అవ్వ వెంటనే ఆయన వైపు తిరిగింది.

“గట్లయితే మన పిల్ల మొక్కు కంపెనోళ్లు తీర్చినట్టా?”

బాపు నవ్వాడు. నేనెట్లయిన పోయేటోన్నే గద, దొంగలెక్క రాస్తలేను గద అన్నాడు. అది నిజమే. ఇంటింటికీ అడుక్కుని మొక్కు తీర్చేవాళ్లు లేరా, దేవుడు వద్దంటున్నడా అని కూడా అడిగాడు.

“అడుక్కున్నోళ్లు అడుక్కొచ్చినమనే చెప్తరు. నువ్వు దేవునికేమో నీ కోసమే వచ్చిన అని మొక్కితివి. కంపెనోళ్లకేమో మీ కోసమే పోయిన అని రాస్తవు. ఒక్క తొవ్వను ఇద్దరికెట్ల చెప్తవయ్యా?”

బాపు గేరు మార్చాడు, మాట మార్చలేకపోయాడు. మరునాటి నుంచి అవ్వ చెయ్యి మళ్లీ నా నుదుటి మీదికి వచ్చింది. బస్సులోనైనా సరే ఇంకోసారి పోదామని పోరు పెట్టింది. బాపు ఊ అనలేదు, ఊహూ అనలేదు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. నా ప్రాణం కంటే ఆయనకు తొవ్వ ఖర్చే ఎక్కువనుకున్నాను.

నెల తిరిగాక ఒక ఆదివారం ఆఫీసు లెక్కల సారు మా ఇంటికి చాయ్‌కి వచ్చాడు. నేను గడప మీద కూర్చుని ఉన్నాను. మాటల్లో ఆయన, “ఏందయ్యా, చందుర్తి పోయినట్టు రిపోర్టు ఉన్నది, తొవ్వ ఖర్చు మాత్రం అడగలే. నువ్వు మర్చిపోయే మనిషివి కావే!” అన్నాడు. ఇంటావిడ మొక్కు సంగతి చెబితే ఆఫీసంతా నవ్వుతుందని బాపుకు తెలుసు. గొంతు సవరించుకుని నా వైపు చూశాడు.

“గా దినం కారు నాది కాదు సార్, మా బిడ్డది. నేనే కిరాయి లేకుండ ఉత్తగ ఎక్కి పోయిన.”

సారు పకపకా నవ్వాడు. నేను మాత్రం గడప మీద నిటారుగా కూర్చున్నాను, కారున్న మనిషిని కదా! లోపల చాయ్ వడపోస్తున్న అవ్వ చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి బాపుకు అడగకుండానే రెండో చాయ్ వచ్చింది. మరునాడు పొద్దున నేను లేచేసరికి అవ్వ వాకిలి ఊడుస్తోంది. నా నుదుటి మీద ఎవరి చెయ్యీ లేదు.

పెద్దయ్యాక నాకూ తిరిగే ఉద్యోగమే వచ్చింది. మందమర్రి చుట్టుపక్కల ఊళ్లకు నా చిన్న కారులోనే పోయి పిల్లల టీకాల పని చూసేదాన్ని. రావలసిన తొవ్వ ఖర్చు ఏనాడూ వదలలేదు, ఆ విషయంలో నేను బాపు బిడ్డనే. కానీ బండి తీసేముందు ఇవాళ ఇది ఎవరి కారు అని ఒకసారి అనుకునేదాన్ని. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. చుట్టం ఇంటికి పోతూ దారిలో బజారు పని పెట్టుకుంటే, మీ కోసమే వచ్చానని వాళ్లతో అనలేను.

నేనింకా ఉద్యోగంలో ఉండగానే, అవ్వ చనిపోయిన ఏడాది, నాకు సిరిసిల్లలో మీటింగు పడింది. దారిలో వేములవాడ చూపించమన్నాడు బాపు. అప్పటికే ఆయనకు చూపు బాగా తగ్గింది. సీటులో కూర్చోబెట్టి తలుపు వేస్తుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

“బిడ్డా, ఇయ్యాల కారెవలిది?”

“నీదే బాపూ. నేనే ఉత్తగ ఎక్కి వస్తున్న.”

ఆయన సీటులో నిటారుగా కూర్చున్నాడు. ఆ నెల తొవ్వ ఖర్చులో సిరిసిల్లది నేను అడగలేదు.