కాటా ఎక్కిన అనుమానం

యాభై దాటాక నా బరువు, బీపీ రెండూ పెరిగాయని డాక్టరు గారు చెబితే నమ్మలేదు. మాత్రలు అమ్ముకోవడానికి ఎక్కువ చేసి చెబుతున్నారని అనుమానించాను. సత్తెనపల్లి మార్కెట్ యార్డులో మా మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, తూకం వేసి దించగానే, రుజువు కోసం నేనే కాటా ఎక్కాను.

"రెండు టిక్కీల బరువు దాటారు మాస్టారూ. తేమగాని ఎక్కువుందా?" అన్నాడు హమాలీ సుభానీ. చుట్టూ ఉన్న రైతులు నవ్వారు.

"రోజూ సాయంత్రం గ్లాసుల్లో పోస్తున్నారుగా," అంది పక్కనే ఉన్న మా ఆవిడ. "ఒక్క నెల మందు మానేసి చూడండి. ఎవరిది అబద్ధమో తేలిపోద్ది."

తాయెత్తులు కట్టేవాళ్లను రుజువులు అడిగే నేను, నా తాగుడును ఏనాడూ ప్రశ్నించలేదు. సిగ్గేసి మానేశాను. నెల తర్వాత బరువు కాస్త తగ్గింది, బీపీ కూడా దిగింది. అనుమానించడం నేను మానలేదు. ఇప్పుడు నాతోనే మొదలుపెడుతున్నాను.