అండమాన్ పలికిన సాయంత్రం

ఆ రోజుల్లో అంటే మరీ చెకుముకి రాళ్ల కాలం అనుకోకండి. అందరి జేబుల్లోనూ ఫోన్లున్నాయి, ఆ ఫోన్లలో లోకంలోని పాటలన్నీ ఉన్నాయి. అయినా సరే, గాలిలోంచి రేడియోలో గీపెట్టుకుంటూ వచ్చే పాటే పాట అని నమ్మే పిచ్చివాళ్లు కొందరు మా గాజువాకలో మిగిలి ఉన్నారు. వాళ్లలో చేరిపోవాలని నేను తెగ తహతహలాడాను. అప్పటికి ఆటోనగర్‌లో ఇనుము చెక్కే ఒక లేతు షాపులో కొత్తగా పనికి కుదిరి, అక్కా బావల ఇంట్లో ఉంటున్నాను. మా చర్చి పాటల బృందానికి అక్కే పెద్ద. వచ్చిన కొత్తలో నన్ను బృందంలో చేర్చుకుంది, రెండు పాటలు కాగానే తీసేసింది. ("నీ గొంతు ఇనపడకపోతే దేవుడికేటీ లోటుండదులేరా" అని ఓదార్చింది కూడా.) ఒక గుంపులోంచి గెంటించుకున్నవాడికి ఇంకో గుంపులో కాస్త చోటు దొరికితే చాలనిపిస్తుంది. నాకూ అదే అనిపించింది.

ఈ రేడియో గుంపు శనివారం సాయంత్రాలు నాబ్ మాస్టారి డాబా మీద చేరేది. మాస్టారు ఓడల మీద రేడియో ఆపరేటరుగా చేసి రిటైరైనవారు. చేత్తో తిప్పే గుండ్రటి నాబ్ లేనిదాన్ని రేడియో అనకూడదని ఆయన సిద్ధాంతం. ఫిల్టర్ బావ (మా అక్క మొగుడు కాదు, గుంపందరికీ బావే) ఉక్కునగరం నుంచి వచ్చేవాడు, కృష్ణా జిల్లా మనిషి. లోకంలో ఏది చెడినా, ఆఖరికి క్యాంటీన్ సాంబారు చెడినా, గరగరను వడగట్టే ఫిల్టర్ లేకే అనేవాడు. గాలం బాబాయ్ భీమిలి నుంచి వెదురు గెడకు తీగ చుట్టుకుని బస్సులో దిగేవాడు. ఆ గెడే మా ఏరియల్. ఈ గుంపులో ఒక ఆచారం ఉంది. మిగతావాళ్లెవరూ ఎన్నడూ వినని స్టేషనొకటి అందరికీ వినిపించాలి, అప్పుడే మాస్టారు ఆ మనిషికి పేరు పెడతారు. అందాకా ఎవడైనా "ఇదిగో అబ్బాయ్" మాత్రమే. నేను చాలా కాలంగా ఇదిగో అబ్బాయ్‌నే. రాత్రిళ్లు కళ్లు మూసుకుని నాకు నేనే పేర్లు పెట్టుకునేవాణ్ణి. (వాటిలో "తరంగ కేసరి" కూడా ఉంది. నవ్వండి, పర్వాలేదు.)

పాత రేడియో పెట్టెలతో మాస్టారిని మించడం నా వల్ల కాదు కనుక, అప్పుడే బజారులోకొచ్చిన ఒక కొత్త రకం రిసీవర్ తెప్పించాను. అరచేతిలో ఇమిడిపోతుంది, రేడియో స్టేషన్లు, విమానాలు, ఓడలు, ఏది మాట్లాడినా వింటుందని అట్టపెట్టె మీద రాసి ఉంది. డాబా మీద అది బయటికి తీయగానే, ఇంకా బ్యాటరీ కూడా వేయకముందే, అభిప్రాయాలు మొదలయ్యాయి. మాస్టారు దాన్ని వాసన చూసి, బొమ్మ అన్నారు. అన్నీ వింటానన్నది ఏదీ తిన్నగా వినదు, ఇంత చిన్నదాంట్లో ఫిల్టర్లు ఎక్కడ పడతాయని ఫిల్టర్ బావ. భీమిలి ఉప్పుగాలికి ఇది వానాకాలం దాకా ఆగదని గాలం బాబాయ్. ముగ్గురూ దాన్ని తిట్టిపోశారు, ముగ్గురూ వంతులేసుకుని మరీ చెవికి పెట్టుకున్నారు. నాకు మాత్రం పరువు మొత్తం ఆ పెట్టెలోనే ఉంది.

ఒక ఎండాకాలపు శనివారం, వాళ్లింకా రాకముందు, డాబా మీద ఒంటరిగా వెతుకుతుంటే ఆ పెట్టె పాడింది. పాత పెట్టెలు తొంగి కూడా చూడని తరంగాల్లో, ఒక అమ్మాయి గొంతు, తెలుగు క్రైస్తవ గీతం. సగం పాడి ఆగి, మళ్లీ మొదటికొచ్చేది. ఎండాకాలంలో సముద్రం మీద గాలి కదలకుండా ఉన్న రోజున దూరపు స్టేషన్లు నీళ్ల మీదుగా జారుకుంటూ మన తీరానికి వచ్చేస్తాయని మాస్టారే నేర్పారు. సముద్రానికి అవతల ఏముంది? అండమాన్. అక్కడ మనవాళ్లకేం కొదవ? ఇంకేం, అండమాన్ తెలుగు చర్చి స్టేషన్ దొరికిపోయింది. ఆగి ఆగి పాడటానికి కారణం కూడా కనిపెట్టాను, పాపం వాళ్ల రికార్డు అరిగిపోయి ఉంటుంది. సంగతి చెప్పగానే మాస్టారు మొహం పక్కకు తిప్పుకుని, వచ్చే శనివారం అందరి ముందూ వినిపించమన్నారు. ఆ వారమంతా లేతు మీద నేను తీసిన ముక్కల్లో ఒక్కటీ కొలతకు రాలేదు.

ఆ శనివారం ఎండ ఇంకా దిగలేదు. గాలం బాబాయ్ గెడ ఎత్తి పట్టుకున్నాడు, నేను పెట్టెను చెవి దగ్గర ఆనించి మెల్లగా మీటలు నొక్కాను. వచ్చింది. అదే గొంతు, అదే గీతం. శబ్దం పెంచి అందరికీ వినిపించాను. మాస్టారు కుర్చీలోంచి లేచారు. (స్టేషను విని ఆయన లేవడం నేను అదే మొదటిసారి చూడటం.) ఫిల్టర్ బావ, ఫిల్టర్ లేకపోయినా స్పష్టంగానే ఉందని ఒప్పుకున్నాడు. తరంగ కేసరి అన్న పేరు నా చెవుల్లో గింగిర్లు కొడుతోంది. అంతలో కింద మాస్టారింట్లో ఫ్యాను చప్పుడు ఆగింది, కరెంటు పోయింది. పెట్టెలో పాట కూడా ఆగింది.

"అక్కా, కరెంటు పోనాది" అంది అండమాన్.

"అక్కడా పోయిందంట, పాపం" అన్నాడు ఫిల్టర్ బావ, నిజంగానే జాలిపడుతూ.

ఉడికిపోతన్నాం, కిటికీ తియ్యమని పెట్టెలోనే, ఆ అమ్మాయి వెనకనుంచి ఎవరో అన్నారు. కాసేపు గరగర. తర్వాత మళ్లీ ఆ అమ్మాయే. "అక్కా, ఎనక డాబా మీద ఎవరో గెడ ఎత్తి నిల్సున్నారు. ఏటి సేత్తన్నారు?"

గాలం బాబాయ్ మొహం వెలిగిపోయింది. గెడ అలాగే పట్టుకుని, "సూసేరా, అండమాన్‌లో కూడా మనలాంటోళ్లున్నారు" అన్నాడు.

అప్పుడు ఇంకో గొంతు మైకు దగ్గరకొచ్చింది. ఆ గొంతుతోనే నేను రోజూ అన్నానికి పిలిపించుకునేది. "ఆ చెవికి పెట్టె ఆనించుకున్నోడు మా తమ్ముడే. పాటలోంచి తీసీసేమని ఆకాశంలో ఎతుక్కుంటన్నాడు, పాపం."

ఆ మాట పెట్టెలోంచీ వచ్చింది, గోడవతలి నుంచీ వచ్చింది. నలుగురం మెల్లగా తలలు తిప్పాం. మాస్టారి పెరటి గోడకు అవతల మా చర్చి హాలు. లారీల రొదకు ఎప్పుడూ మూసి ఉండే కిటికీ ఇప్పుడు బార్లా తెరిచి ఉంది. అందులో రేపటి ఆరాధనకు సాధన చేస్తున్న పాటల బృందమంతా, ముందు ఒక అమ్మాయి, పక్కన అక్క, ఆ అమ్మాయి చేతిలో తోకలేని కొత్త మైకు, తీగ లేకుండా గాలిలోనే పాట పంపే రకం. నన్ను తీసేసిన తర్వాత కొన్నారట. స్పీకర్లు ఆగాయి కదా, ఇక మైకు పలకదనుకున్నారు. అది సెల్స్ మీద నడిచేది, అండమాన్ ప్రసారాలు నిరాటంకంగా సాగాయి.

నాకు ఏడుపొచ్చినంత పనైంది. పేరు పోయింది, పరువు పోయింది, ఇక రెండు గుంపుల్లోనూ చోటు లేదు. ఫిల్టర్ బావ నవ్వలేక గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. మాస్టారు మాత్రం నవ్వలేదు. పెట్టెను నా చేతిలోంచి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మళ్లీ ఒకసారి వాసన చూశారు.

"గోడవతలున్నది ఇన్నాళ్లూ మా పెద్ద పెట్టెలకి వినపడలేదు, దీనికి వినపడింది. సెట్టు మంచిదే" అన్నారు. "మనమెవ్వరం ఎన్నడూ విననిది వినిపించాడు. ఆచారం ఆచారమే. ఏమోయ్ అండమాన్, కిందికెళ్లి మీ అక్కని మైకు ఆపమని చెప్పు."

మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. హాల్లోకి వెళ్లేసరికి అందరూ ఒకటే నవ్వు, నేనూ నవ్వేశాను. మైకు మీట ఎక్కడుందో అక్కడ ఎవరికీ తెలియదు. నేనే ఆపాను. ఆ మీట ఆపినవాడే ఇక ముందు కూడా దాన్ని చూసుకోవాలని అక్క తీర్పు చెప్పింది, అలా పాడకుండానే బృందంలోకి తిరిగొచ్చాను.

ఇప్పటికీ చర్చిలో మైకులు నా పనే. ఆటోనగర్‌లో నన్ను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు, ఇప్పుడు నాకున్న సొంత షాపు బోర్డు మీద కూడా అండమాన్ అనే ఉంటుంది. మాస్టారు కళ్లు మసకబారి డాబా ఎక్కడం మానేశారు, ఆయన వరండాలోనే కూర్చుంటాం. ఆ పెట్టె, గాలం బాబాయ్ శాపాలన్నీ దాటుకుని, ఇంకా పనిచేస్తోంది. ఎండాకాలంలో గాలి కదలని సాయంత్రం వస్తే ఇప్పటికీ దాన్ని పట్టుకుని తీరానికి వెళతాను, నలుగురు చూస్తే నవ్వుతారని తెలిసీ. నిజమైన అండమాన్ ఇంతవరకూ పలకలేదు. ఒకవేళ ఎప్పుడైనా పలికినా ఎవరికీ చెప్పను. మాస్టారు నాకు ఇంకో పేరు పెట్టేస్తారేమోనని భయం.